దున్నని చేనిలో ఆమ్లగుణము – మిల్లు పొడులతో దిద్దుబాటు

భూసార పరీక్ష చీటీ చేతికి వచ్చినప్పుడు మనలో చాలమంది నత్రజని ఎంత, భాస్వరము ఎంత, పొటాషు ఎంత అని చూతురు. ఆ చీటీలోనే మరియొక చిన్న అంకె ఉండును. దానిని ఉదజని సూచిక అందురు. వాడుకలో పి.హెచ్. అని పిలుతురు. నేల పులుపుగా ఉన్నదో, చౌడు బారుచున్నదో, సమముగా ఉన్నదో తెలుపునది ఆ అంకెయే. ఆ అంకె సరిగా లేనిచో మీరు డబ్బు పోసి కొన్న ఎరువు నేలలో ఉండియు పైరుకు సరిగా అందదు.

పులిసిన నేలను, అనగా ఆమ్ల నేలను, దిద్దుటకు సున్నము వాడుదురు. సున్నమునకు బదులు కర్మాగారములనుండి మిగిలివచ్చు పొడులు, మడ్డి, చిట్టెము కూడ పనికివచ్చును. ఇవి చౌకగా దొరకునవి. కాని చౌక అని తెచ్చి, పరీక్ష లేకుండ చల్లిన పొడి నేలను బాగుచేయుటకు బదులు పాడుచేయవచ్చును. చల్లిన యూరియా ఒక పంటతో ముగియును. చల్లిన సున్నము ఏండ్ల తరబడి నేలలో నిలుచును. దానిని తిరిగి ఏరి తీయుట ఎవరి తరమును కాదు. కనుక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతులు, ముఖ్యముగా వరి కోసిన మడిలో దుక్కి లేకుండ మరియొక పంట వేయువారు, లారీని పిలుచుటకు ముందు ఈ క్రింది సంగతులు తెలిసికొనవలెను.

ఆమ్లగుణము అనగానేమి?

పి.హెచ్. అంకె 7 ఉన్నచో నేల సమముగా ఉన్నదని అర్థము. 7 కంటె తగ్గినకొలది పులుపు, పెరిగినకొలది క్షారము. 6.5 మొదలు 7.5 వరకు మన పైరులలో చాలవాటికి అనుకూలము. ఇది సామాన్యపు కొలమానము కాదు. ఒక్క అంకె తగ్గినచో ఆమ్లత పదింతలు పెరిగినట్లు లెక్క. 6.5 ఉన్న నేలకంటె 5.5 ఉన్న నేల పదిరెట్లు పులుపు, 4.5 ఉన్న నేల నూరురెట్లు పులుపు.

పి.హెచ్. 5.5 కంటె తగ్గినప్పుడు అసలు బాధ మొదలగును. మట్టిలో బంధింపబడియున్న అల్యూమినియము కరగి నీటిలోనికి వచ్చును. ఇది వేరు కొనలకు విషము. వేళ్లు పొట్టిగా, మొద్దుగా మారి లోతునకు దిగవు. వాన వెనుకపట్టినప్పుడు అట్టి పైరు ప్రక్క చేనుకంటె ముందు వాడిపోవును. భాస్వరము ఇనుముతోను, అల్యూమినియముతోను కలిసి గట్టిపడి పైరుకు దక్కదు. కంది, మినుము, వేరుశెనగ వంటి పైరుల వేళ్లపై నత్రజని కూర్చు బుడిపెలు తగ్గిపోవును. అయితే ఈ గుర్తులు వేరు కారణముల వలన కూడ కలుగవచ్చును. పైరును చూచి ఊహింపవలదు, మట్టిని పరీక్ష చేయింపవలెను.

మన జిల్లాలలో ఎచ్చట చూడవలెను?

మొట్టమొదట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మన దేశములో పి.హెచ్. 5.5 కంటె తక్కువగల నేలలు సుమారు రెండున్నర కోట్ల హెక్టార్లు ఉన్నవని అంచనా. వానలు జోరుగా కురియు ఈశాన్య రాష్ట్రములు, కేరళ, ఒడిశా, జార్ఖండు మెరక భూములు వీనికి నిలయములు. ఎడతెగని వాన నేలలోని కాల్షియమును, మెగ్నీషియమును కడిగివేయుటయే దీనికి కారణము. మన పాలమూరు సీమలో వాన తక్కువ. కనుక అంత తీవ్రమైన ఆమ్ల నేలలు ఇచ్చట సామాన్యము కావు. మన నేలలన్నిటికి సున్నము కావలెనని ఎవరైన చెప్పినచో నమ్మవలదు.

ఈ మూడు జిల్లాలలో ఒకదానికొకటి పొంతన లేని నేలలు ఉన్నవి. నల్లరాతి, ఎర్రరాతి గుట్టల మట్టినుండి ఏర్పడిన ఎర్ర చల్కలు, దుబ్బ చల్కలు మొదటివి. వీనిలో ఇసుక పాలెక్కువ, బంకమట్టి, సేంద్రియ పదార్థము తక్కువ. అందుచేత వీనికి తట్టుకొను శక్తి తక్కువ. కొద్దిపాటి ఆమ్లము చేరిననే అంకె దిగును, కొద్దిపాటి సున్నము వేసిననే అంకె ఎగురును. తుంగభద్ర, కృష్ణల నడుమ అలంపురము వైపున ఉన్న నల్లరేగళ్లు రెండవవి. ఇట్టి రేగళ్లలో సున్నపు గుల్లలు తరచుగా సహజముగనే ఉండును. వీనికి సున్నము వేయుట ఉప్పు సముద్రములో ఉప్పు పోసినట్లే. కాలువల క్రింద మురుగు పోక బిగిసిన చౌడు పల్లములు మూడవవి. వీనికి కావలసినది సున్నము కాదు, జిప్సం, మురుగు కాలువ.

మరి ఆమ్లగుణమును అనుమానింపవలసిన చోటు ఏది? తేలికైన చల్కలో ఏండ్ల తరబడి నత్రజని ఎరువు దండిగా పడిన చేను. గద్వాల ప్రాంతములో విత్తన పత్తి సాగు పేరు పొందినది. అట్టి విలువగల పంటకు రైతు ఎరువు విషయములో వెనుకాడడు. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీరు అందిన తరువాత వరి, మొక్కజొన్న వేయుచున్న చల్కలును ఈ కోవలోనివే. పశువుల ఎరువు తగ్గి, బస్తా ఎరువు పెరిగిన చేను ఏదైనను పరీక్షకు తగినదే.

ఇచ్చట బోరు నీటి సంగతి కూడ గమనింపవలెను. మన బోర్లలో అనేకము గట్టి నీరు. కుండలో కాచినప్పుడు తెల్లని పొర కట్టు నీరు మీ చేనికి తెలియకుండగనే కొంత సున్నమును అందించుచున్నదని తెలిసికొనుడు. అట్టి నీటితో పారు చేను త్వరగా పులియదు. ఒకే రైతు ఒకే తీరున యూరియా వేసినను, బోరు క్రింది చెలక ఒక విధముగా, కాలువ క్రింది చెలక మరియొక విధముగా ఉండవచ్చును. రెంటికి రెండు పరీక్షలు కావలెను.

ఎరువు బస్తా వెంట వచ్చు అప్పు

యూరియాలోని నత్రజని నేలలో నైట్రేటుగా మారునప్పుడు ఆమ్లము పుట్టును. సామాన్యముగా వాడు లెక్క ప్రకారము 100 కిలోల యూరియా కలిగించు ఆమ్లమును విరుచుటకు సుమారు 80 కిలోల సున్నపురాతి పొడి కావలెను. 100 కిలోల అమ్మోనియం సల్ఫేటుకు సుమారు 110 కిలోలు కావలెను. అనగా 45 కిలోల యూరియా బస్తా వేసిన ప్రతిసారి నేల 36 కిలోల సున్నము అప్పు పడినట్లు. ఏటికి ఎకరమునకు 4 బస్తాల చొప్పున 10 ఏండ్లు వేసినచో ఆ అప్పు 1,440 కిలోలు. ఈ అప్పులో కొంత గట్టి నీరు తీర్చును, కొంత పశువుల ఎరువు తీర్చును. ఏదియు తీర్చనిచోట నేల పులియును.

ఇది వట్టి పుస్తకపు లెక్క కాదు. ఇంగ్లాండులోని రోథాంస్టెడ్ పరిశోధనా క్షేత్రములో 1856లో మొదలిడిన గడ్డి క్షేత్రపు ప్రయోగము నేటికిని సాగుచున్నది. అందు అమ్మోనియం సల్ఫేటు ఏటేట వేసి సున్నము వేయని మడులలో పి.హెచ్. 4 కంటె దిగువకు పడిపోయినది. కొలది జాతుల గడ్డి తప్ప తక్కినవి మాయమైనవి. ప్రక్కనే సున్నము వేసిన మడులు వేరుగా ఉన్నవి. ఎరువు తప్పు కాదు. అప్పు తీర్చకపోవుటయే తప్పు.

దున్నని చేనికి ఉన్న భేదము

వరి కోసిన మడిలో దుక్కి లేకుండ, ఉన్న తేమతోనే మొక్కజొన్న విత్తు పద్ధతి కృష్ణా, గుంటూరు జిల్లాలలో బాగుగ వ్యాపించినది. దుక్కి ఖర్చు మిగులును, అదను దొరకును, తేమ నిలుచును. కాలువ నీరు వచ్చినచోట మన రైతులును ఈ పద్ధతిని అనుసరింపవచ్చును. అయితే నేల పులుపు విషయమున దున్నని చేను దున్నిన చేనువలె నడువదు.

దున్నిన చేనిలో ఎరువు వలన పుట్టిన ఆమ్లము ఆరేడు అంగుళముల మట్టిలో కలిసిపోవును. దున్నని చేనిలో ఎరువు పైననే పడును, ఆమ్లము పై రెండంగుళములలోనే పేరుకొనును. ఆరంగుళముల మట్టిని ఒక్కటిగా తీసి పరీక్షించినచో మంచి మట్టిలో ఆ పులుపు కలిసిపోయి చీటీలో కనబడదు. మొలకెత్తు వేరునకు మాత్రము అది తప్పక తగులును.

సున్నము సంగతియు అంతే. పైన చల్లిన సున్నము నీటిలో బహు స్వల్పముగా కరగును. దున్ని కలుపనిచో అది సాధారణముగా ఏడాదికి అర అంగుళము, అంగుళము కంటె లోతునకు దిగదు. వాన తక్కువైన మన సీమలో ఇంకను నెమ్మది. దీనిలో మంచియు ఉన్నది, చెడ్డయు ఉన్నది. పులుపు పై పొరలోనే ఉన్నచో పైన చల్లిన సున్నము దానిని సరిగా పట్టుకొనును. పులుపు లోతునకు దిగియున్నచో పైన ఎంత చల్లినను వెంటనే ఫలము లేదు. అందుచేత దుక్కి మానదలచిన రైతు, మానుటకు ముందు చివరి దుక్కిలో సున్నము కలిపివేయుట అన్నిటికంటె మేలైన పని.

వరి మడిలో మరియొక మర్మము ఉన్నది. నీరు నిలిచిన కొద్ది వారములలో ఆమ్ల నేల తనంతట తాను సమస్థితి వైపు జరుగును. అందుచేత వరి ఏపుగా పెరుగును. నీరు తీసి నేల ఆరిన తరువాత పాత పులుపు మరల వచ్చును. వరి బాగున్నది కదా, మొక్కజొన్న ఏల గిడసబారినదని ఆశ్చర్యపడు రైతు ఈ సంగతి గ్రహింపవలెను. వరి కోసి మడి ఆరిన పిమ్మటనే మట్టి నమూనా తీయవలెను.

నమూనా తీయు విధము

గడ్డి, మోడు ప్రక్కకు నెట్టుడు. ఒక చేనిలో వంకర టింకరగా నడచి పది పదిహేను చోట్ల పారతో 'వి' ఆకారపు గుంట తీయుడు. ప్రతి గుంటలోను పై 2 అంగుళముల మట్టిని ఒక తట్టలోను, 2 మొదలు 6 అంగుళముల మట్టిని వేరొక తట్టలోను వేయుడు. చెట్ల నీడ, గట్ల ప్రక్క, ఎరువు కుప్పలు పోసిన చోటు విడిచిపెట్టుడు. తట్టలలోని మట్టిని విడివిడిగా కలిపి, నీడలో ఆరబెట్టి, అర కిలో చొప్పున రెండు సంచులలో కట్టి, లోతు, సర్వే నంబరు, గత పంట, ఏ నీటితో పారుచున్నదియు వ్రాసి పంపుడు. ఎరువు సంచిలో మట్టి పంపవలదు. సంచికి అంటిన ఎరువు పరీక్షను తప్పుదారి పట్టించును.

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార కార్డు పథకమున పరీక్షించు పండ్రెండు అంశములలో పి.హెచ్. ఒకటి. అంకె 6 కంటె దిగువ ఉన్నచో దానితో సరిపెట్టుకొనక, ఎకరమునకు ఎంత సున్నము కావలెనో తెలుపు పరీక్షను కూడ కోరుడు. ఒకే అంకె ఉన్నను దుబ్బ చల్కకు కావలసిన సున్నము తక్కువ, బంకమట్టికి కావలసినది ఎక్కువ. అంకె మాత్రమే చూచి మోతాదు చెప్పుట సరికాదు.

ఏ పొడి ఏమి చేయును?

కర్మాగారపు పొడులను వాని విరుపు శక్తినిబట్టి తూచవలెను. శుద్ధమైన సున్నపురాతి పొడి శక్తిని 100 అని పెట్టుకొన్నచో, నీరు పోసి విరిచిన సున్నము శక్తి 135, కాల్చిన సున్నము శక్తి 179. తక్కిన పొడులన్నిటిని ఈ తాసులోనే పెట్టి చూడవలెను.

పేపరు మిల్లు సున్నపు మడ్డి: కాగితపు గుజ్జు ఉడికించు క్షారమును తిరిగి తయారుచేయునప్పుడు మిగులునది. ముఖ్యముగా సున్నపురాతి పదార్థమే. మిక్కిలి మెత్తనిది కనుక నేలలో త్వరగా పనిచేయును. ఒడిశా ఆమ్ల నేలలలో శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి ఉపయోగకరమని కనుగొనిరి. తెలుగు రాష్ట్రములలో కాగజ్‌నగర్, సారపాక, రాజమహేంద్రవరములలో కాగితపు మిల్లులు ఉన్నవి. మనకు దూరము. తడి మడ్డికి లారీ బాడుగ పెట్టుట నీటికి బాడుగ పెట్టుటయే. అందు సోడా క్షారము ఎంత మిగిలియున్నదో కూడ అడిగి తెలిసికొనవలెను.

నాపరాతి పాలిష్ మడ్డి: తాండూరు, బేతంచెర్ల నాపరాయి సున్నపురాతి జాతిది. కోసి నునుపు చేయునప్పుడు వచ్చు మడ్డి ఆరిన తరువాత మెత్తని పొడి యగును. మనకు దగ్గరలో దొరకునది ఇదియే. అయితే రాతిలో ఇసుక, బంక కలిసియుండును గనుక విరుపు శక్తి గనిగనికి మారును. పరీక్ష లేకుండ కొనరాదు.

ఉక్కు చిట్టెము: 1870ల చివర ఇంగ్లాండులో సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ భాస్వరమున్న ఇనుమునుండి ఉక్కు తీయు విధానమును కనిపెట్టెను. అందు మిగిలిన చిట్టెము భాస్వరము, సున్నము రెండును గల ఎరువుగా ఐరోపా పొలములకు చేరినది. నేటి ఉక్కు చిట్టెములో భాస్వరము స్వల్పము, సున్నపు శక్తి మాత్రము కలదు. విశాఖపట్నము వంటి చోట్ల ఉక్కు కర్మాగారములలో ఇది మిగులును. గడ్డలుగా ఉన్న చిట్టెము నేలకు పనికిరాదు, పిండివలె నూరినదే పనికివచ్చును. క్రోమియము వంటి భార లోహములు ఎంత ఉన్నవో పరీక్ష చీటీ చూడవలెను.

కార్బైడు సున్నము: వెల్డింగునకు వాడు ఎసిటిలీను వాయువు తీయగా మిగులునది. విరిచిన సున్నమే. శక్తి హెచ్చు, ఘాటు హెచ్చు. తాజాది మొలకలను కాల్చును, కళ్లలో పడినచో ప్రమాదము. గాలికి కొన్నాళ్లు మాగనిచ్చి, విత్తుటకు కొన్ని వారముల ముందే చల్లవలెను.

చక్కెర మిల్లు మడ్డి: రసమును శుద్ధిచేయు విధానము రెండు రకములు. బొగ్గుపులుసు వాయువుతో శుద్ధిచేయు మిల్లు మడ్డిలో సున్నపురాతి పదార్థము ఉండును, అది పులుపును విరుచును. గంధకపు వాయువుతో శుద్ధిచేయు మిల్లు మడ్డి మంచి సేంద్రియపు ఎరువే గాని దానిని సున్నముగా లెక్కింపరాదు. మన మిల్లులలో అధికము ఈ రెండవ రకమువే.

బూడిద: కృష్ణ కావలి గట్టున రాయచూరు విద్యుత్ కేంద్రము బూడిద ఉన్నది. మన ఊళ్లలో బియ్యపు మిల్లుల ఊక బూడిదయు ఉన్నది. భారతదేశపు బొగ్గులో సున్నపు పాలు తక్కువ కనుక బొగ్గు బూడిద పులుపును బహు కొద్దిగానే విరుచును. అధికముగా వేసినచో బోరాను హెచ్చవచ్చును. బూడిదను సున్నమని అమ్మువారిని నమ్మవలదు.

జిప్సం సున్నము కాదు

ఇది ఈ వ్యాసములో అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఫాస్ఫోజిప్సం అనునది భాస్వరపు ఎరువుల కర్మాగారములలో మిగులు ఉపవస్తువు. ఒక టన్ను భాస్వరపు ఆమ్లము తీయునప్పుడు సుమారు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం వచ్చును. అది తెల్లగా, బూడిద తెలుపుగా ఉండును. చూపునకు సున్నమువలె ఉండును, కాల్షియమును ఉండును. కాని దాని విరుపు శక్తి సున్న. ఎన్ని టన్నులు వేసినను పి.హెచ్. అంకెను పైకి లేపదు.

మరి జిప్సం దేనికి? మూడు పనులకు. మొదటిది వేరుశెనగ. వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతులకు ఈ పని తెలిసినదే. వేరుశెనగ కాయ తనకు కావలసిన కాల్షియమును వేరునుండి గాక, చుట్టూ ఉన్న మట్టినుండి నేరుగా పీల్చుకొనును. అందుచేత పూత దశలో, ఊడలు దిగు సమయమున ఎకరమునకు 200 కిలోల జిప్సం మొదళ్ల వద్ద వేయవలెను. లేనిచో కాయలు తాలుపోవును. రెండవది కారు చౌడు. జిప్సంలోని కాల్షియము మట్టిని బిగించిన సోడియమును తరిమివేయును. అది నీటితో పోవుటకు మురుగు కాలువ ఉండవలెను. మూడవది లోతున పులిసిన నేల. జిప్సం సున్నపురాతి పొడికంటె ఎన్నో రెట్లు అధికముగా నీటిలో కరగును. అది నీటి వెంట దిగి లోతు మట్టిలో అల్యూమినియపు విషమును తగ్గించి, వేళ్లకు కాల్షియము అందించును. అంకె పెద్దగా మారదు, వేరు మాత్రము దిగును.

బ్రెజిల్ దేశములో ఈ రెంటి జోడింపు చూడవచ్చును. అచ్చటి పరానా రాష్ట్రములో 1972లో హెర్బర్ట్ బార్ట్జ్ అను రైతు, వాన కోతకు మట్టి కొట్టుకొనిపోవుచుండగా విసిగి, దుక్కి మాని విత్తుట మొదలిడెను. ఆ పద్ధతి దేశమంతట వ్యాపించినది. అచ్చటి నేలలు లోతుగా పులిసినవి. వారు పైన సున్నమును చల్లి పై పొరను దిద్దుదురు, లోతు పొరకు ఫాస్ఫోజిప్సంను వాడుదురు. మన సీమలో అంత లోతు పులుపు సామాన్యము కాదు గనుక వారి మోతాదులు మనకు వలదు. ఒక్కొక్క పొడికి ఒక్కొక్క పని అను వారి పాఠము మాత్రము కావలెను.

రెంటిని గుర్తించుటకు ఇంటి పరీక్ష ఒకటి కలదు. చిటికెడు పొడిపై నిమ్మరసము పిండుడు. బుసబుస పొంగినచో సున్నపురాతి పదార్థము ఉన్నది. పొంగనిచో జిప్సం కావచ్చును, విరిచిన సున్నము కావచ్చును, చిట్టెము కావచ్చును, వట్టి మట్టియు కావచ్చును. ఇది మోసమును అనుమానించుటకే గాని మోతాదు నిర్ణయించుటకు చాలదు.

కొనుటకు ముందు లెక్క

పరీక్ష ప్రకారము మీ చేనికి ఎకరమునకు 400 కిలోల శుద్ధ సున్నపురాతి పొడి కావలెనని అనుకొందము. మొదటి వ్యాపారి తడి మడ్డి తెచ్చెను. దాని విరుపు శక్తి 60, తడి నూటికి 30 వంతులు. నూరు కిలోలలో ఎండినది 70 కిలోలు, అందు పనిచేయునది 42 కిలోలు. కనుక 400 కిలోల పనికి సుమారు 950 కిలోల మడ్డి కావలెను. రెండవ వ్యాపారి పొడి తెచ్చెను. శక్తి 90, తడి 5. నూరు కిలోలలో పనిచేయునది 85 కిలోల పైచిలుకు. సుమారు 470 కిలోలు చాలును.

లెక్క కొరకు, మడ్డి చేనివద్దకు చేర్చినందుకు టన్ను 1,000 రూపాయలు, పొడి 1,800 రూపాయలు అనుకొనుడు. మడ్డికి ఎకరమునకు 950 రూపాయలు, పొడికి సుమారు 845 రూపాయలు అగును. చౌకగా కనబడినది ఖరీదు పడినది. చల్లు కూలి కూడ రెండింతలు. టన్ను ధర అడుగువాడు మోసపోవును, పనిచేయు కిలో ధర అడుగువాడు మోసపోడు.

మెత్తదనము కూడ చూడవలెను. బియ్యపు నూకవలె ఉన్న పలుకులు ఏండ్లకు గాని కరగవు. దున్ని కలుపు వీలులేని చేనికి పిండివంటి పొడియే కావలెను.

చల్లు విధానము

దుక్కి మానుటకు ముందు గాని, వేరుశెనగకై దున్ను సంవత్సరమున గాని, కావలసిన సున్నమును ఒకమారు మట్టిలో కలుపుట ఉత్తమము. వేరుశెనగ పీకునప్పుడు నేల ఎటులను కదలును. ఆ పంటను, దుక్కి లేని మొక్కజొన్నను మార్చి మార్చి వేయువారికి ఇది మంచి అదను.

దుక్కి మానిన తరువాత అయినచో మొత్తము మోతాదును ఒక్కసారి వేయక రెండు మూడేండ్లకు పంచి, వానకు ముందు, పైరు లేనప్పుడు చల్లుడు. ఒక్కసారిగా కుమ్మరించినచో పై అంగుళము క్షారమై జింకు, ఇనుము అందక ఆకులు పాలిపోవును. మన చల్కలలో ఈ ప్రమాదము హెచ్చు. ఇంకొక మార్గము సాలులో వేయుట. భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఆమ్ల నేలల పథకము, హెక్టారుకు 2 నుండి 4 క్వింటాళ్ల సున్నమును ప్రతి పంటకు విత్తు సాలులో వేయవచ్చునని సూచించినది. అనగా ఎకరమునకు 80 నుండి 160 కిలోలు. దున్నకుండ సాలు చీల్చి విత్తు యంత్రము ఉన్నవారికి ఇది అనువైనది.

సున్నమును యూరియాతోను, అమ్మోనియా ఎరువులతోను కలిపి చల్లరాదు. నత్రజని ఆవిరియై గాలిలో పోవును. సూపరు ఫాస్ఫేటుతోను కలుపరాదు, భాస్వరము బిగిసిపోవును. నడుమ రెండు మూడు వారముల ఎడము ఉంచుడు. గాలి లేని ఉదయము, ముక్కుకు గుడ్డ కట్టుకొని, కళ్లకు అడ్డము పెట్టుకొని చల్లుడు. చేతికి పుండ్లు ఉన్నవారు ఈ పనికి దిగవలదు.

ప్రతి లోడుకు పరీక్ష చీటీ అడుగుడు. విరుపు శక్తి, తడి, మెత్తదనము, భార లోహములు అను నాలుగును అందు ఉండవలెను. ఫాస్ఫోజిప్సం అయినచో ఫ్లోరైడు, రేడియో ధార్మికత పరీక్షింపబడినవో లేదో కూడ అడుగుడు. చీటీ ఇవ్వని వ్యాపారి పొడి ఉచితముగా ఇచ్చినను దింపనీయవలదు. కర్మాగారమునకు పారవేయు చోటు కావలెను. మీ చేను ఆ చోటు కాకూడదు.

రెండు గుంటలతో మొదలిడుడు

పరీక్షలో ఆమ్లగుణము తేలినను మొదటి ఏడు చేనంతయు చల్లవలదు. రెండు గుంటలలో వేసి, ప్రక్క రెండు గుంటలు వట్టిగా విడుచుడు. ఎకరమునకు 40 గుంటలు గనుక ఎకరపు మోతాదును 40 చేత భాగించినచో గుంటకు ఎంతయో తెలియును. పై లెక్కలోని ఎండు పొడి అయినచో గుంటకు 12 కిలోలు. పంట కోసిన తరువాత రెంటి దిగుబడిని వేరువేరుగా తూచుడు. వేళ్లు పెకలించి ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మరుసటి ఏడు అదే చోట, అదే లోతున మరల నమూనా తీయించుడు. అంకె 6.5 దరిదాపులకు వచ్చినచో ఆగుడు. మందు బాగున్నదని సీసా అంతయు త్రాగము కదా!

సందేహము కలిగినచో పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము శాస్త్రజ్ఞులనుగాని, మీ రైతు వేదికలోని విస్తరణాధికారినిగాని అడుగుడు. వెళ్లునప్పుడు వట్టి చేతులతో వెళ్లవలదు. మట్టి పరీక్ష చీటీ ఒక చేత, పొడి పరీక్ష చీటీ మరియొక చేత పట్టుకొని వెళ్లుడు. ఆ రెండు చీటీలు కలిసినచోటనే సరియైన మోతాదు దొరకును.